వద్దన్నా పెట్టిన ముద్ద

నమోదు 1

కొత్తగా చేరినవాళ్లు మొదటి రోజుల్లో ఏం చూశారో, ఏం చేశారో రోజూ రాసుకోవాలట. ఏ భాషలో అయినా రాసుకోవచ్చట, ఎవరూ చదవరట. ఎవరూ చదవని దాన్ని రాయడం దేనికని అడిగితే, మా వసతి చూసుకునే బ్రెన్నా అనే పెద్దావిడ పెదవి విరిచింది. సరే, రాస్తాను, నాదేం పోయింది.

నా పేరు కోటేశ్వరి. ఊరు పిడుగురాళ్ల. మా వైపు ఎంత లోతుకు బోరు వేసినా దుమ్ము తప్ప ఏమీ రావడం లేదు గనక, రాతి లోపల నీళ్లు ఎక్కడ దాక్కుంటాయో చదువుకుని రమ్మని పల్నాటి నీళ్ల సంఘం నన్ను ఈ హల్వార్ దేశానికి పంపింది. పంపేటప్పుడు దండలు వేసి ఊరేగించారు. ఇక్కడ అడుగుపెట్టాక ఆ దండలు కూడా తెచ్చుకుని మెడకు చుట్టుకుని ఉంటే బాగుండేదనిపించింది. అంత చలి.

నేనొచ్చిన ఓడే ఈ ఏడాదికి ఆఖరిది. సముద్రం గడ్డకట్టింది. మళ్లీ ఎండలొచ్చేదాకా రాకపోకలు లేవు. కొండకు ఒక పెద్ద ఇనుప తలుపు, దాని వెనక బోసిగా ఒక గది, ఆ గదికి అవతల ఇంకో తలుపు. ఊరంతా ఆ రెండో తలుపు లోపలే, కొండ కడుపులో. ఆ బోసి గదిలోనే నా మణికట్టుకు ఆకుపచ్చ పట్టీ వేశారు. తలుపు తెరుచుకోవాలన్నా, గదికి వేడి రావాలన్నా, అన్నం పళ్లెం రావాలన్నా ఆ పట్టీ చూపించాలి. లోపలికి రాగానే చెవిలో ఒక యంత్రం పెట్టారు. వాళ్లు మాట్లాడింది నాకు తెలుగులోనూ, నేను మాట్లాడింది వాళ్లకు వాళ్ల భాషలోనూ వినిపిస్తుంది. ఏ కాలం నాటి రికార్డులు విని తెలుగు నేర్చుకుందో గానీ, ఎవరు ఏం మాట్లాడినా రేడియోలో వార్తలు చదివినట్టే ఉంది. పెట్టెలు తనిఖీ చేసినతను "తమ సామగ్రియందు నిషిద్ధ వస్తువులు కలవా?" అని అడిగితే నవ్వాపుకోలేక చచ్చాను.

నన్ను తీసుకెళ్లడానికి సాల్మన్ రాజు వచ్చాడు. మార్కాపురం మనిషి, ఇక్కడ నాకంటే రెండేళ్లు సీనియర్. ఈ కొండలో తెలుగువాళ్లం మేమిద్దరమే. బ్యాగు అందిస్తే తీసుకోలేదు.

"కింద పెట్టమ్మా, నేను తీసుకుంటా" అన్నాడు.

"ఏం మర్యాదన్నా ఇది? అందిస్తే అంటుకుంటానా?"

"ఈడ చేతిలోంచి చేతికి ఏదీ ఇవ్వరు. కింద పెడతారు, కావాల్సినోళ్లు తీసుకుంటారు. నాకూ అదే అలవాటైపోయింది, ఏమనుకోబాకు."

భోజనాల చోటు చూస్తే ప్రాణం ఉసూరుమంది. గోడ పొడుగునా గూళ్లు. ఒక్కో గూట్లో ఒక్కో మనిషి గోడకు మొహం పెట్టి తింటున్నాడు. మాటా లేదు, పలుకూ లేదు. మా చుట్టుపక్కల దినం భోజనాలు కూడా ఇంతకంటే సందడిగా ఉంటాయి. తిని బయటికొస్తూ ఎదురుపడిన ఒకావిడను పలకరింపుగా "తిన్నారా?" అన్నాను. ఆవిడ మొహం కందగడ్డలా చేసుకుని గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది.

"ఆ మాట ఎవర్నీ అడగబాకు" అన్నాడు సాల్మనన్న.

"ఎందుకంట?"

"బాగుండదు. అంతే."

పడుకుంటున్నాను. గది మాత్రం వెచ్చగా ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

నమోదు 2

మొదటి క్లాసు. మా మాస్టారు ఓస్కిర్. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. చిన్న సుత్తితో రాతిని కొట్టి, చెవి ఆనించి, లోపల తడి ఉందో లేదో చెబుతాడు. నాకు అన్ని రాళ్లూ ఒకేలా వినిపించాయి. మూడు శీతాకాలాలు పడుతుందిలే, తొందరేం లేదన్నాడు. మా ఊళ్లో వాళ్లకు అంత ఓపిక ఉందో లేదో మరి.

క్లాసు నుంచి వస్తుంటే, వంటశాల కింది మెట్ల మలుపులో ఒకమ్మాయి కనిపించింది. గోడలో ఒక రంధ్రం గుండా వంట ఆవిరి బయటికి వస్తుంటే దానికి వీపు ఆనించి కూర్చుంది. చేతికి బూడిదరంగు పట్టీ. ఎముకలకు తోలు చుట్టినట్టుంది. పక్కన నేల మీద రెండు ఎంగిలి గిన్నెలు. మెట్లెక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఆమెను స్తంభాన్ని దాటినట్టు దాటి పోతున్నారు. నేను చూస్తుండగానే ఒకతను అడుగూ బొడుగూ మిగిలిన గిన్నె ఆమె ముందు పెట్టి, ఆమె వంక చూడకుండా పోయాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. మనిషికి అట్లాగా పెట్టేది? వీధికుక్కకైనా ఇంతకంటే ప్రేమగా వేస్తాం కదా!

గదికి వెళ్లి అటుకులు వేడినీళ్లలో నానబెట్టి, సీసాలోంచి గోంగూర పచ్చడి తీసి, నూనె వేసి కలిపాను. గిన్నె పట్టుకుని ఆమె ముందు మఠం వేసుకుని కూర్చున్నాను. పేరడిగితే లూవా అంది. తినమన్నాను. తల అడ్డంగా ఊపింది.

మా వైపు ఎవరైనా మొదటిసారి అడగ్గానే తింటామంటారా? ఆకలితో కళ్లు తిరుగుతున్నా "ఇప్పుడే తినొచ్చామండీ" అనే కదా అంటారు. వద్దంటే వదిలేసి ఊరుకుంటే ఆ ఇంటి పరువేం కాను? రెండోసారి అడిగాను. చేతులు రెండూ వీపు వెనక్కి పెట్టుకుంది. పాపం, మొహమాటం అనుకున్నాను. మూడోసారి ముద్ద చేసి నోటి దగ్గర పెట్టి, "నా మీద ఒట్టు, తినకపోతే ఊరుకోను" అన్నాను. లూవా గోంగూర వైపే చూస్తోంది. పెదాలు బిగబట్టి, బిగబట్టి, ఇక తన వల్ల కాక నోరు తెరిచింది.

తింటూ ఏడ్చింది. కారమనుకున్నాను.

తలెత్తి చూస్తే మెట్ల మీద జనం ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయి ఉన్నారు. ఒక్కొక్కరే అరచెయ్యి గోడకు ఆనించారు. ఎక్కడో సన్నగా గంట మోగింది. మా పచ్చడి వాసన ఈ కొండలో కూడా పనిచేసిందే అనుకుని, నవ్వుతూ, "మీకూ తలా ఒక ముద్ద పెట్టనా?" అన్నాను. పరిగెత్తారు.

చాలా రోజుల తర్వాత ఒక మంచిపని చేశానని తృప్తిగా ఉంది.

నమోదు 3

చలికి మెలకువ వచ్చింది. వేడి సగమే వస్తోంది. మణికట్టు చూసుకుంటే ఆకుపచ్చ పట్టీ మధ్యలో బూడిదరంగు గీత. గూడు దగ్గర పట్టీ చూపిస్తే సగం పళ్లెమే వచ్చింది. యంత్రం పాడైందేమో అని గోడను రెండు దెబ్బలు కొట్టాను కూడా.

తిరిగొచ్చేసరికి లూవా నా గది గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె పట్టీలోనూ ఇప్పుడు ఆకుపచ్చ గీత. సాల్మనన్న వసారాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"ఏంది తల్లీ నువ్వు చేసిన పని!" అన్నాడు. "తిన్నావా అని అడగొద్దన్నానా లేదా?"

"అడగలేదన్నా. పెట్టాను."

ఆయన గోడకు జారగిలబడి అక్కడే కూలబడిపోయాడు.

అప్పుడు చెప్పాడు. ఈ దేశంలో చేత్తో మనిషి నోటికి ముద్ద పెట్టడమంటే ఆ మనిషిని తన మనిషిగా తీసుకోవడం. బిడ్డ పుట్టాక మొదటి ముద్ద అట్లాగే పెడతారు. పెళ్లిలో ఒకరికొకరు అట్లాగే పెట్టుకుంటారు. దిక్కులేని పరాయివాళ్లను ఇంట్లోకి తీసుకోవాలన్నా అదే పద్ధతి. పెట్టడం నలుగురూ చూసి, చూశామని అరచెయ్యి గోడకు ఆనిస్తే చాలు, గంట మోగుతుంది, ఆ క్షణం నుంచి పెట్టినవాళ్ల వాటాలోంచే ఆ మనిషికి గాలి, వేడి, తిండి.

"గిన్నె ఆడ పెట్టి నీ దోవన నువ్వు వచ్చుంటే పోయేది. కుక్కకు పెట్టినట్టు పెడితే తప్పు లేదు ఈడ. మనిషికి పెట్టినట్టు పెడితేనే తప్పు."

"ముందే చెప్పొచ్చు కదన్నా!"

"అన్నం పెట్టొద్దని చెప్పాలని ఎవడికన్నా తోస్తదా కోటీ? మనోళ్లకు ఆ మాట ఎట్టా చెప్తాం?"

సగం వాటాతో సర్దుకుంటాంలే, నేనేం లావు మనిషిని కాదు కదా అన్నాను. సాల్మనన్న తల అడ్డంగా ఊపాడు. ఊరివాళ్లకైతే కుదురుతుందట. చదువుకోవడానికి వచ్చినవాళ్లకు ఇంకొకర్ని తీసుకునే హక్కు లేదు. ఈ కొండలో గాలీ వేడీ ఇంతమందికని కొలిచి పెట్టుకున్నారు. నాలుగో రోజున వాటాల పెద్దలు కూర్చుంటారు. నేను లూవాను వదులుకుంటాననాలి, అప్పుడు ఆమె ఒక్కతే బయటి గదికి పోతుంది. లేదంటే ఇద్దరి పట్టీలూ ఆపేసి ఇద్దర్నీ బయటి గదిలో పెడతారు, ఓడ వచ్చేదాకా.

బయటి గది అంటే నేను వచ్చిన రోజు చూసిన ఆ బోసి గదే. దానికి వేడి లేదు.

"ఓడ వచ్చేదాకా ఆడ ఉన్నోళ్లు ఎవరన్నా ఉన్నారా అన్నా?"

సాల్మనన్న లేచి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

నమోదు 4

లూవా నా గదిలోనే ఉంటోంది. ఒక దుప్పటే ఇద్దరం కప్పుకుంటున్నాం. నా అటుకులు నిన్ననే అడుగంటాయి. పచ్చడి ఒట్టిది తినలేం. గోడలోంచి వచ్చే సగం పళ్లెంలో సగం సగం. తిన్నట్టే ఉండదు. క్లాసులో ఓస్కిర్ కొట్టిన సుత్తి దెబ్బ వినబడలేదు, కడుపులో మోత తప్ప.

ఈరోజు లూవా మాట్లాడింది. వాళ్లది ఒక దీవి. అది మునిగిపోయి చాలా ఏళ్లయింది. పంపడానికి దేశమే లేదు గనక, ఇక్కడి ముసలి మాస్టారు ఒకాయన ఆమెకు ముద్ద పెట్టి చదువులో చేర్చాడు. ఆయన పోయిన శీతాకాలంలో చనిపోయాడు. ఆయనతోపాటే ఆమె పట్టీ బూడిదరంగుకు తిరిగింది.

"అయితే అప్పుడే నిన్ను బయటి గదిలో ఎందుకు పెట్టలేదు?" అన్నాను.

"నేను లెక్కయందు లేను" అంది లూవా. ఆ వార్తల గొంతు వినిపిస్తుంటే ఆమె పెదాలు వేరేగా కదలడం చూడలేక తల దించుకున్నాను. "నన్ను చూసినట్లు ఎవరూ ఒప్పుకోరు. పెద్దలు కూడా అదే మెట్ల మీదుగా వెళ్లుదురు. ఒక మనిషి ఎక్కువైనంత మాత్రాన ఈ కొండ కూలిపోదని వారికి తెలియును. కావున చూడరు. గిన్నె కింద పెట్టి వెళ్లుదురు. అది వారి దయ. ఇట్లే ఎన్ని శీతాకాలములైనను నేను అక్కడే ఉండెడిదానను."

అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది.

కుక్కకు వేసినట్టు వేస్తున్నారని నేను మండిపడ్డది ఇందుకా! చూడకుండా పోవడమే వాళ్లు చేయగలిగిన సాయం. అందరూ కూడబలుక్కుని, పైకి ఒక్క మాట అనకుండా, ఆమెను బతికించుకుంటున్నారు. నేను పోయి, నలుగురూ చూస్తుండగా, గంట మోగేలా, ఆమెను లెక్కలోకి తెచ్చాను. లెక్కలోకి వచ్చిన మనిషిని ఇక ఏదో ఒకటి చేయక తప్పదు.

"వద్దన్నావు కదా" అన్నాను. "మూడుసార్లు వద్దన్నావు."

"అన్నాను."

"మా ఊళ్లో వద్దంటే పెట్టమని అర్థం లూవా. మొహమాటానికి వద్దంటారు. బలవంతం చేసి పెట్టకపోతే తప్పు పడతారు."

"నాకు ఆకలిగా ఉన్నది. అది తమ తప్పు కాదు" అంది లూవా.

నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆమే నా వీపు నిమిరింది. ఎంత సిగ్గుచేటు.

నమోదు 5

ఊరివాళ్లెవరైనా లూవాకు ముద్ద పెడితే ఆమె వాళ్ల మనిషవుతుంది, మేమిద్దరం బతుకుతాం. పొద్దుటి నుంచి అదే పని మీద తిరిగాను. క్లాసు ఎగ్గొట్టాను.

ముందు ఓస్కిర్ దగ్గరికి వెళ్లాను. ఆయన వాటాలో ఇప్పటికే భార్య, కొడుకు, మతి తప్పిన తమ్ముడు ఉన్నారట. "ఇంకొకరిని తీసుకొనినచో తమ్ముని వదలవలెను" అని చెప్పి తలుపు వేశాడు. లోపల ఆయన ఏడవడం వినిపించింది. ఇంకో ఇద్దరు నన్ను చూడగానే దారి మార్చారు. ఒకావిడ మాత్రం చేతులు జోడించింది, దయచేసి తనను అడగవద్దని.

ఆఖరికి బ్రెన్నా. ఆమె భర్త ఓడ రావడానికి కొద్దిరోజుల ముందే చనిపోయాడు. ఆయన వాటా ఇంకా ఖాళీగా ఉంది. ఆ సంగతి సాల్మనన్న చెప్పాడు, చెప్పినట్టు ఎవరితో అనొద్దని బతిమాలుతూ. నేను బ్రెన్నా కాళ్లు పట్టుకున్నాను. ఇక్కడ కాళ్లు పట్టుకోవడం అంటే ఏమనుకుంటారో నాకు తెలియదు, ఇంకేం కొంప మునుగుతుందో అన్న ఆలోచన కూడా రాలేదు. ఆమె నన్ను లేపి, మెట్ల మలుపులో లూవాను కూర్చోబెట్టమంది.

కూర్చోబెట్టాను. బ్రెన్నా గిన్నె తీసుకుని దిగింది. ఆవిరి వస్తున్న జావ, అందులో చేపముక్క. మెట్ల మీద జనం ఆగారు. అందరి మొహాల్లో ఆశ కనిపించింది, అది నేను కళ్లారా చూశాను. వీళ్లు చెడ్డవాళ్లు కాదు. అదే నా ఏడుపు, చెడ్డవాళ్లయితే తిట్టుకునైనా ఊరుకునేదాన్ని.

బ్రెన్నా చేపముక్క చేతిలోకి తీసుకుంది. లూవా నోరు తెరిచింది. ముక్క నోటి దాకా వచ్చి ఆగింది. అట్లా ఎంతసేపు ఉందో. లూవా నోరు తెరుచుకునే ఉంది, గూట్లో పిట్టపిల్ల లాగా.

బ్రెన్నా ముక్కను గిన్నెలో వేసి, గిన్నెను నేల మీద పెట్టేసింది.

"నా కుమార్తె గర్భవతి" అంది. "ఆ శిశువునకు వాటా లేదు. ఇది ఆ శిశువునకై ఉంచితిని." పైకి వెళ్లిపోయింది. ఒక్కో మెట్టు దగ్గరా ఆగి ఆగి ఎక్కింది.

నేనామెను తిట్టలేదు. పుట్టబోయే బిడ్డ ముద్దను లాక్కోమని నేనెట్లా అడగగలను? అయినా కడుపులో ఒక మూల తిట్టుకుంటూనే ఉన్నాను, ఆ ముక్క ఇంకొక్క అంగుళం ముందుకు జరిగితే ఏం పోయేదని.

లూవా గిన్నె ఎత్తి నాకూ సగం పెట్టింది. ఇప్పుడు మాకు చేతికి చేతికి అనే భయం లేదు కదా. ఉన్న నష్టం ఉండనే ఉంది.

నమోదు 6

రేపే పెద్దలు కూర్చునేది.

సాల్మనన్న వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. వదులుకోవడం ఎట్లా చేస్తారో చెప్పాడు. సంతకాలూ అవీ ఏమీ ఉండవు. భోజనాల చోట ఒక బల్ల ఉంది, ఎదురెదురుగా రెండు కుర్చీలతో. ఈ దేశం మొత్తానికి అట్లాంటి బల్ల అదొక్కటే. దాని మీద నిండు పళ్లెం పెడతారు. వదులుకునేవాళ్లు ఆ మనిషికి ఎదురుగా కూర్చుని, ఆమె చూస్తుండగా, ఒక్క మెతుకు పెట్టకుండా, మొత్తం తినాలి. తిన్నాక ఆమె "నిండిందా?" అని అడుగుతుంది. వీళ్లు "నిండింది" అనాలి. అప్పుడు తెగినట్టు.

"నా వల్ల కాదన్నా" అన్నాను.

"కావాలి."

"ఎదురుగా మనిషిని ఖాళీ కడుపుతో కూర్చోబెట్టుకుని ఎట్టా తింటారన్నా? పరాయోళ్లు గుమ్మంలోకొస్తేనే తింటున్న కంచం పక్కన పెట్టి లేస్తాం మనం."

"తెలుసమ్మా. నేనూ మన వైపోణ్ణే గదా." కళ్లు తుడుచుకున్నాడు. "నువ్వు తినకపోతే నిన్ను కూడా పెడతారు ఆ గదిలో. నువ్వు పోయినంత మాత్రాన ఆ పిల్ల బతకదు. నాకు చెల్లెలి లాంటిదానివి, నీ ముందు మోకాళ్లేస్తా, తిను."

ఆయన వెళ్లాక లూవాతో చెప్పాను, తిననని. ఇద్దరం పోదామని. మాటలు పెద్దగానే చెప్పాను. నా వల్ల నువ్వు పోతుంటే నేనేం మొహం పెట్టుకుని బతకాలన్నాను.

లూవా దుప్పటి భుజాల మీదికి లాక్కుని విసుక్కుంది. ఇన్నాళ్లలో ఆమెకు కోపం రావడం ఇదే మొదటిసారి.

"తమరు నాతో వచ్చినచో నాకేమి లాభము? ఆ గదియందు ఇద్దరుందురు, అంతే. నేను తోడు అడగలేదు. మొదటి దినమున కూడా నేను ఏమియు అడగలేదు. తమరు ఎవరినీ అడగనివ్వరు, వద్దననివ్వరు. ఈ ఒక్కసారి నేను చెప్పినది వినుడు. తినుడు."

ఏమనాలి? నిజమే కదా.

ఇంకొక నిజం కూడా రాస్తాను, ఎటూ ఎవరూ చదవరు. ఆమె తినుడు అన్నప్పుడు నా గుండెల మీంచి బరువు దిగింది. నాకు చావాలని లేదు. నాకు ఇరవై మూడేళ్లు. చలికి గడ్డకట్టి చచ్చిపోవడం నాకు ఇష్టం లేదు. ఇద్దరం పోదామని నేను అన్నప్పుడు, ఈమె వద్దంటే బాగుండునని లోపల కోరుకుంటూనే అన్నాను. మొహమాటానికే అన్నాను.

నమోదు 7

తిన్నాను.

పెద్దలు ముగ్గురు గోడ పక్కన నిలబడ్డారు. ఇద్దరు మగవాళ్లు, ఒక ఆడమనిషి. ఒకాయనను నేను గుర్తుపట్టాను. మెట్ల మలుపులో ఎంగిలి గిన్నె పెట్టి వెళ్లినతనే. లూవా వైపు చూడలేక కళ్లు దించుకున్నాడు. నా వైపు మాత్రం చూశాడు, ఎందుకు పెట్టావే అన్నట్టు.

బ్రెన్నా పళ్లెం తెచ్చి బల్ల మీద పెట్టింది. నిండా వేడి వేడి జావ, ఉడకబెట్టిన దుంపలు, రెండు పెద్ద చేపముక్కలు. ఈ దేశంలో ఇంత తిండి ఒకచోట చూడలేదు నేను. లూవా నా ఎదురుగా కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. తల తిప్పుకోకూడదట, చూడాలట.

మొదటి ముద్ద చేతిలోకి తీసుకుని ఆగిపోయాను. ఎదుటి మనిషికి పెట్టకుండా తింటే గొంతు దిగదు, అక్కడే అడ్డం పడుతుంది, పొలమారుతుంది, ఇక నా వల్ల కాదు అనే సాకు దొరుకుతుంది అనుకున్నాను.

దిగింది.

రెండోది కూడా దిగింది. చేప మెత్తగా, తియ్యగా ఉంది. నాలుగు రోజుల ఆకలి. మూడో ముద్ద నుంచి నేను లూవా వైపు చూడటం మానేశాను. పళ్లెం వైపే చూస్తూ తిన్నాను. నేను మింగినప్పుడల్లా ఆమె గొంతు కూడా కదులుతోందని తెలుస్తూనే ఉంది. చెయ్యి ఆగలేదు. ముల్లు తీసి పక్కన పెట్టాను, ముల్లుకు అంటుకున్న కండ కూడా ఊడ్చుకు తిన్నాను. అడుగున మిగిలిన జావ వేలితో తీసి నాకాను. అది చేయాల్సిన పని లేదు, ఎవరూ చేయమనలేదు. చేశాక గాని తెలియలేదు నాకు.

"నిండినదా?" అని అడిగింది లూవా, ఆ వార్తలు చదివే గొంతుతో.

నేను తలెత్తాను. ఆమె మొహంలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. పెద్దలు ముందుకు వంగారు. గూళ్లలో తింటున్నవాళ్లంతా వెనక్కి తిరిగారు. సాల్మనన్న దూరం నుంచి రెండు చేతులూ జోడించి నా వైపే చూస్తున్నాడు.

"నిండింది" అన్నాను.

అబద్ధం అయితే ఎంత బాగుండేది. ఈ దేశం వచ్చాక మొదటిసారి నా కడుపు నిండింది.

నా పట్టీలో బూడిదరంగు గీత పోయి మొత్తం ఆకుపచ్చగా అయింది. జనం అరచేతులు గోడకు ఆనించారు. ఇద్దరు మనుషులు వచ్చి లూవాకు చెరోపక్కా నిలబడ్డారు. ఆమె కుర్చీ వెనక్కి జరిపి లేచింది. తూలిపడబోతే బల్ల అంచు పట్టుకుని నిలదొక్కుకుంది. నేను లేచి ఆమెకు దండం పెడదామనుకున్నాను. ఏదో ఒకటి అందామనుకుని నోరు తెరిచాను.

త్రేన్పు వచ్చింది.

చేత్తో నోరు మూసుకున్నాను. కానీ అందరికీ వినిపించింది.